మూడు నిమిషముల దూరము

అచ్చంపేట నుండి శ్రీశైలమునకు దూరమెంత యని అడిగినచో రెండు సమాధానములు వచ్చును. రోడ్డున పోయిన దాదాపు 90 కిలోమీటర్లు. పక్షివలె నేరుగా ఎగిరిన సుమారు 43. గంటకు 800 కిలోమీటర్ల వేగముగల విమానమునకు ఇది మూడు నిమిషముల పని.

లెక్కలో తప్పు లేదు. కాని అచ్చంపేటలో విమానాశ్రయము లేదు, శ్రీశైలములోను లేదు. విమానమెక్కదలచినవాడు ముందుగా మల్లన్నకు వీపు త్రిప్పి, నూరు కిలోమీటర్లకు పైగా ఉత్తరముగా శంషాబాదునకు పోవలెను! 2024 నవంబరులో విజయవాడ నుండి నీటి విమానమొకటి ప్రయోగముగా శ్రీశైలమునకు వచ్చి కృష్ణ నీటిపై దిగినది. అచ్చంపేటవారికి అదియు చూచి ఆనందింపదగిన వింతయే కాని, ఎక్కి పోదగిన బండి కాదు.

నలువదిమూడు తొంబది యగుటకు కారణము నల్లమల. మన్ననూరు దాటినది మొదలు దోమలపెంట వరకు దారి అడవి చెప్పినట్లు వినును. రాత్రి తొమ్మిది మొదలు ఉదయము ఆరు వరకు గేటు మూసియుండును. ఆ వేళ రోడ్డు పులిది, లేడిది. ఆకాశపు లెక్కలోని మూడు నిమిషములు ఆలస్యముగా వచ్చినవానికి మన్ననూరు వద్ద తొమ్మిది గంటలగును. పూర్వపు యాత్రికులు దీనికి వగచినట్లు లేదు. శ్రీశైలమునకు ఉత్తర ద్వారమని పేరొందిన ఉమామహేశ్వరమున మ్రొక్కి, కాలినడకన అడవి పట్టిన వారికి దూరమే యాత్ర.

నేటివారు సరళరేఖను కోరుచున్నారు. నేల క్రింద ఒకటి గీయబడినది. కృష్ణా జలములను నల్లగొండ పొలములకు చేర్చుటకై దోమలపెంట నుండి అచ్చంపేట చెంతనున్న మన్నెవారిపల్లె వరకు సుమారు 44 కిలోమీటర్ల సొరంగము తలపెట్టిరి. ఆశయము గొప్పది, నల్లగొండ దాహము నిజమైనది. కాని 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కూలి ఎనిమిదిమంది లోపల చిక్కుకొనిరి. రెండు నెలలు వెదకినను ఇద్దరి దేహములు మాత్రమే దొరికినవి. పటముపై రేఖను గీచుటకు ఒక క్షణము చాలును. కొండ తన లెక్కను వేరుగా కట్టును.

ఇప్పుడు అడవిమీదుగా శ్రీశైలము వైపు ఎత్తైన వారధి మార్గము నిర్మింపవలెనను ప్రతిపాదన యున్నది. మలుపులు తగ్గును, రాత్రియు పోవచ్చును, క్రింద మృగములకు దారి మిగులును అని దానిని కోరువారి వాదము. ఇది త్రోసిపుచ్చదగిన మాట కాదు. కాని అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. ఆ వారధి ఎవరి దూరమును తగ్గించును? పైన పోవు యాత్రికునిది తగ్గును. క్రిందనున్న చెంచుపెంటలో నొప్పులు పడుచున్న తల్లికి ఆసుపత్రి ఎంత దగ్గరగును? పెంట నుండి రోడ్డునకు గల కాలిబాట ఏ విమానపు లెక్కలోను లేదు, ఏ వారధి లెక్కలోనైన నున్నదా?

రెండు ఊళ్ల నడుమ నున్నది శూన్యమైనచో సరళరేఖయే న్యాయము. అచ్చంపేటకును శ్రీశైలమునకును నడుమ నున్నది శూన్యము కాదు. అక్కడ మనుష్యులున్నారు, మృగములున్నవి. వారధి కట్టువారు కట్టుదురు గాక! దానికి ముందు పెంటనుండి ఆసుపత్రికి గల దూరమును కొలువవలెను, ముందుగా దానినే తగ్గింపవలెను. మూడు నిమిషముల ముచ్చట ఆ తరువాత చెప్పుకొనవచ్చును.