ఎండలో కాదు... వెలుగులో!

ఇంట్లో పెద్దవాళ్లు కాలం చేశాక గోడకు పెట్టడానికి ఓ ఫొటో కావాలంటారు. అప్పుడు మొదలవుతుంది వెతుకులాట. సెల్‌ఫోన్లలో వేల ఫొటోలుంటాయి. నానమ్మ ముఖం స్పష్టంగా కనిపించేది మాత్రం ఒక్కటీ దొరకదు. చివరికి ఎవరి పెళ్లిలోనో మిట్టమధ్యాహ్నం తీసిన గ్రూప్ ఫొటోలోంచి ఆమె ముఖాన్ని కత్తిరించి పెద్దది చేయిస్తారు. అందులో కళ్లు చిట్లించి ఉంటాయి. కనుబొమల కింద నల్లటి నీడ, ముక్కు కింద మరొకటి. ఎప్పుడూ నవ్వే మనిషి కోపంగా ఉన్నట్టు కనిపిస్తుంది.

తప్పు నానమ్మది కాదు, కెమెరాదీ కాదు. ఆమెను నిలబెట్టిన చోటుది!

నడినెత్తిన సూర్యుడు

ఎండ ఎంత బాగా ఉంటే ఫొటో అంత బాగా వస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి సూర్యుడు మనకు కనిపించేది చిన్న బిళ్లలాగే. అంత చిన్న దీపం నుంచి వచ్చే వెలుగు గీత గీసినట్టు నీడలు వేస్తుంది. మధ్యాహ్నం అది పైనుంచి పడుతుంది కాబట్టి కళ్లు గుంటల్లా కనిపిస్తాయి. హైదరాబాద్‌లో ఏటా మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా పాతిన కర్రకు కాసేపు నీడే కనిపించదు. మరి అలాంటి వేళ కళ్లలోకి వెలుగెలా వస్తుంది?

మబ్బు పట్టిన రోజు అలా కాదు. ఆకాశమంతా ఒకటే పెద్ద దీపమైపోతుంది. నీడలు మెత్తబడతాయి, ముడతలు కూడా అందంగానే కనిపిస్తాయి. కరెంటు దీపాలు రాని రోజుల్లో ఫొటో స్టూడియోలు చేసిందీ ఇదే. అద్దాల పైకప్పులు, పెద్ద కిటికీలు పెట్టి, తెరలతో పగటి వెలుగును మెత్తబరిచేవారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ (1844-1905) కాలం అదే.

వసారాయే స్టూడియో

ఆ స్టూడియో మన ఇంట్లోనూ ఉంది. ఎండ పడని వసారాలో, అంచుకు అడుగు లోపలగా కుర్చీ వేయండి. పెద్దావిడను బయటి ఆకాశం వైపు తిరిగి కూర్చోమనండి. మీరు వాకిట్లో నిలబడి తీయండి. ఆమె కళ్లలో చిన్న తెల్లటి మెరుపు కనిపిస్తే వెలుగు కుదిరినట్టే.

చెట్టు నీడ మంచిదే కానీ ఆకుల సందుల్లోంచి పడే ఎండ మచ్చలు ముఖం మీద ఉండకూడదు. పక్కన ముదురు ఆకుపచ్చ గోడ ఉంటే ఆ రంగు చెంప మీదికి వస్తుంది, కాస్త దూరం జరగండి.

ముఖం ఒకవైపు మరీ నల్లగా ఉంటే ఆ పక్కన తెల్లటి పంచెనో, థర్మోకోల్ షీటునో ఎవరినైనా పట్టుకోమనండి. ఎంత దగ్గరగా పడితే అంత వెలుగు.

సెల్‌ఫోన్‌తో తీస్తుంటే తెర మీద ముఖాన్ని ఓసారి తాకండి. వెనక తెల్లటి ఆకాశం ఉంటే, దాన్ని చూసి ఫోను ముఖాన్ని నల్లబరుస్తుంది. తాకితే ముఖానికి తగ్గట్టు సర్దుకుంటుంది. కళ్లద్దాల్లో ఆకాశం మెరుస్తుంటే గడ్డం కొంచెం దించమంటే చాలు.

ఎండలోనే తీయక తప్పదా? సూర్యుణ్ని ఆమె వీపు వైపు ఉంచండి. కళ్లు చిట్లించాల్సిన పని ఉండదు. ముఖం నీడలో పడుతుంది కనుక తెల్లటి పంచె ఎదురుగా పట్టండి.

అన్నిటికన్నా మంచి వేళ... పొద్దు పొడిచాక ఓ గంట, పొద్దు వాలే ముందు ఓ గంట. వెలుగు పక్కనుంచి వస్తుంది, బంగారు రంగులో ఉంటుంది.

ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు. పెద్దవాళ్లు 'ఈ ముసలిదానికి ఫొటో ఏంట్రా' అంటారు. అన్నా సరే, నచ్చిన చీర కట్టుకోమనండి. మనవళ్లతో కబుర్లు చెబుతుండగా తీయండి. ఒకటి ప్రింటు వేయించి ఆమె చేతికే ఇవ్వండి. ఆ ఫొటో చూసి ముందుగా మురిసిపోవాల్సింది ఆమే కదా!