మినహాయింపు తీసుకుంటే తలుపు అందరికీ తీయాలి



మొన్న రాత్రి అన్నాలయ్యాక మా హాస్టల్లో పెద్ద వాదనే జరిగింది. చర్చిలకి పన్ను ఎందుకు లేదని ఒకరు, మరి గుళ్లకి, మఠాలకి ఎందుకు లేదని ఇంకొకరు. మాలో ఆదివారం చర్చికి పోయేవాళ్లున్నారు, ఊరి వేల్పులకే మొక్కేవాళ్లున్నారు. తెల్లారితే పక్కపక్కనే కూర్చుని తినాల్సినవాళ్లం. అందుకే ఏ మతం అన్నది పక్కనపెట్టి, ఒక కేసు చెప్తాం.

అమెరికాలో సౌత్ కరోలినా రాష్ట్రంలో బాబ్ జోన్స్ యూనివర్సిటీ అనే క్రైస్తవ విద్యాసంస్థ ఉంది. 1971 దాకా అక్కడ నల్లజాతి విద్యార్థులకి సీటే లేదు. తర్వాత చేర్చుకున్నా, వేరే జాతివాళ్లని ప్రేమిస్తే, పెళ్లాడితే పంపేస్తామని రూల్ పెట్టారు. బైబిల్ అలాగే చెప్పిందని వాళ్ల నమ్మకం. 1976లో పన్నుల శాఖ మినహాయింపు రద్దు చేసింది. మత స్వేచ్ఛ పోయిందని వాళ్లు కోర్టుకెళ్లారు. మధ్యలో రీగన్ ప్రభుత్వం యూనివర్సిటీ వైపు తిరిగింది. దాంతో రద్దును సమర్థిస్తూ వాదించడానికి సుప్రీంకోర్టే విలియం కోల్‌మన్ అనే నల్లజాతి లాయర్‌ని పెట్టాల్సి వచ్చింది. 1983 మే 24న 8-1 తేడాతో యూనివర్సిటీ ఓడిపోయింది.

కోర్టు దాన్ని మూయించలేదు, నమ్మకం మార్చుకోమనలేదు. మినహాయింపు మాత్రం కుదరదంది. ఇది మత విద్యాసంస్థల వరకే, చర్చిల సంగతి కాదని కూడా చెప్పింది. ఆ రూల్ 2000లో గానీ పోలేదు.

మా మాట కూడా అదే. మొక్కుకోవడం మీ ఇష్టం. కానీ మినహాయింపు అంటే మీ వాటా మిగతా జనం మోయడమే. సబ్బు కొన్నా, పెన్ను కొన్నా మనమూ పన్ను కడుతున్నాం. ఆ జనం పిల్లల్నే గుమ్మం దగ్గర ఆపితే ఎలా? మాలో ఒకరిని ఇంటర్‌లో ఒక ట్రస్టు హాస్టల్‌లో మార్కులకంటే ముందు "మీరు ఏ దేవుణ్ణి మొక్కుతారు" అని అడిగారు. సీటు రాలేదు.

"మరి ఆదివాసీలకే పెట్టిన ట్రస్టు వివక్ష కాదా?" అని ఒక ఫ్రెండ్ అడిగాడు. మన 1961 ఆదాయపు పన్ను చట్టం 13వ సెక్షన్‌లోనే దీనికి జవాబు ఉండేది. ఒక్క కులం కోసమో, ఒక్క మతంవాళ్ల కోసమో పెట్టిన సేవా ట్రస్టుకి మినహాయింపు లేదని ఆ సెక్షన్ చెప్పింది. ఎస్సీ, ఎస్టీ, బీసీలు, స్త్రీలు, పిల్లల కోసం పెట్టినవాటిని మాత్రం ఆ లెక్కలో వెయ్యొద్దని రాశారు. గెంటేయబడ్డవాళ్లని లోపలికి పిలవడం, లోపలికొచ్చేవాళ్లని గెంటేయడం ఒకటి కాదు.

అయితే ఒక భయం కూడా ఉంది. ఈ అధికారం ప్రభుత్వం చేతిలోనే వదిలేస్తే నచ్చని మతం మీదే వాడొచ్చు. ప్రభుత్వం ఎలా మారుతుందో రీగన్ విషయంలో చూశాం. కాబట్టి రూల్ చర్చికి, గుడికి, మసీదుకి ఒకటే ఉండాలి. నోటీసు, విచారణ, కోర్టుకెళ్లే హక్కు ఉండాలి. కాగితం మీద ఎవరి కోసమని రాశారో కాదు, బడిలో, హాస్టల్లో, ఆసుపత్రిలో లోపల మనల్ని ఎలా చూస్తున్నారో అడగాలి.

మీ ఊళ్లో ఎలా ఉందో రాయండి అన్నలూ, అక్కలూ. మతం పేరుతో మనలో మనం తిట్టుకోవడం మాత్రం వద్దు.

జై ఆదివాసీ.