తాలు కాయల కారం

(మా వంటింటి పాఠాలు – 11)



"మీరేవిట్లు?"

గుంటూరు జిల్లాలో పుట్టినవాళ్ళకి ఈ ప్రశ్నకి అర్థం చెప్పక్కర్లేదు. పోయిన బుధవారం తుళ్ళూరు వైపు ఒక ఊళ్ళో, ఒక ఇంటావిడ నా పాత విద్యార్థినిని ఈ మాట అడిగింది. ఆ పిల్ల వాళ్ళమ్మ మిరపకోతలకు పోయి చదివించింది. డిగ్రీ అయిపోయి, చిన్న ఉద్యోగం దొరికి, అద్దె గదిలో ఉంటోంది. ఆ సాయంత్రం వాళ్ళమ్మ పంపిన పాత హార్లిక్స్ సీసా మూత తీసింది, అంతే. సీసాలో మాంసం లేదు, కూర లేదు. పొడి ఉంది. ధనియాలు, ఎండుమిర్చి, జీలకర్ర, పసుపు, రాళ్ళ ఉప్పు. ఇవన్నీ ఆ ఇంటావిడ వంటింట్లోనూ ఉంటాయి. కానీ వాసన వరండా దాకా పోయింది, వెంటనే ప్రశ్న వచ్చింది.

"మటన్‌లోకి మసాలా ఆంటీ" అని చెప్పింది పిల్ల. మర్నాడు పొద్దున "నెలాఖరుకి వేరే గది చూసుకో" అన్నారు.

రాత్రి ఫోన్ చేసి ఏడ్చింది. గది పోయినందుకు కాదు. "మేడం, మటన్ అని అబద్ధం ఎందుకు చెప్పాను?" అని.

నేనేం ఓదారుస్తాను? పీజీ హాస్టల్లో రెండేళ్ళు నేనూ ఇదే అబద్ధం ఆడాను. అది చాలక నా సీసా మీద 'కరివేపాకు కారం' అని కాగితం అంటించాను. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ తెచ్చుకున్న మనిషి రాసిన మొదటి కల్పన అదే.

ఇంతకీ ఆ పొడి ఏమిటో చెప్తాను. మా ఇంట్లో దానికి ప్రత్యేకం పేరు లేదు, 'పట్టించే పొడి' అంటాం. మాంసాన్ని వేలెడు వెడల్పున పొడుగ్గా కోసి, కొవ్వు తీసేసి, ఈ పొడి చేత్తో రుద్ది పట్టించి, తాడు మీద వేలాడదీస్తారు. మంచి ఎండల్లో మూడు నాలుగు రోజులకి తునకలు తయారు. కాకులు రాకుండా కాపలా పిల్లల పని. నేను లెక్కలు ఎక్కాలతో కాదు, ఆ తాడు మీద తునకలతో నేర్చుకున్నాను. ఒకటి తగ్గితే మా అమ్మకి తెలిసిపోయేది.

పొడిలో కిటుకంతా తడి లేకపోవడంలోనే ఉంది. ధనియాలు విడిగా వేయించాలి, జీలకర్ర విడిగా. మిరపకాయలు చిట్టచివర, నూనె చుక్క లేకుండా, సన్న సెగ మీద. చల్లారకుండా దంచితే ఆవిరి పట్టి పొడి ముద్ద కడుతుంది. రాళ్ళ ఉప్పు రోట్లో వేస్తే ఆ గరుకుకి మిగతావి త్వరగా నలుగుతాయి, తర్వాత మాంసంలో నీటిని బయటికి లాగేదీ ఆ ఉప్పే. వెల్లుల్లి దంచిపెట్టరు. అందులో తడి ఉంటుంది కాబట్టి కూర వండే రోజునే వేస్తారు. లవంగం, చెక్క క్రిస్మస్‌కీ పెళ్ళిళ్ళకీ తప్ప మా రోలు చూడలేదు. ఫ్రిజ్ లేని ఇంట్లో మాంసాన్ని నెలల తరబడి నిలబెట్టే విద్య ఇది. దీన్ని విద్య అన్నవాళ్ళని నా ఇన్నేళ్ళ చదువులో ఎక్కడా చూడలేదు.

ఇక కారం. మా ఇంటి కారం ఎర్రగా ఉండేది కాదు, పాలిపోయిన ఇటుక రంగు. ఎందుకో చిన్నప్పుడు తెలియదు. మిరప కల్లంలో కాయల్ని వేరుచేస్తారు. ఎర్రటి నిగనిగలాడే కాయ ఒక కుప్ప, రంగు పోయి తెల్లబడిన తాలు కాయ ఒక కుప్ప. ఎర్ర కుప్ప గుంటూరు యార్డుకి పోతుంది, అక్కడి నుంచి కోల్డ్ స్టోరేజీకి, అక్కడి నుంచి దేశదేశాలకి. మా అమ్మకి చివరి కోత కూలితో పాటు దోసెడు తాలు కాయలు ఇచ్చేవాళ్ళు. ఆసియాలోనే పెద్ద మిర్చి మార్కెట్ అని మనం గొప్పగా చెప్పుకునే చోటికి సరుకు మోసిన ఇంట్లో, తినే కారం మాత్రం తాలుది. తాలుని ఇంకా సన్న సెగ మీద వేయించి, ధనియాలు పెంచి, నాలుగు మంచి కాయలు కలిపి దానికి రుచి తెచ్చింది మా అమ్మ. సెలవుల్లో నేనూ పక్కన కూర్చుని తొడిమలు తీశాను. రాత్రి చేతులు మండి నిద్ర పట్టేది కాదు. "నీకు మండదా అమ్మా?" అంటే "నా చేతులు ఎప్పుడో మొద్దుబారినయ్‌లే" అనేది.

మొన్న మా స్టాఫ్‌రూంలో ఒక సహోద్యోగి అమెరికా నుంచి వచ్చిన అందమైన సీసా చూపించారు. 'డ్రై రబ్' అట. మాంసానికి పట్టించి గంట ఉంచాలట. వెనక రాసింది చదివాను: ఉప్పు, మిరప, ధనియాలు, జీలకర్ర. నలుగురూ వాసన చూసి ఆహా అన్నారు. ఎవరూ ఎవర్నీ "మీరేవిట్లు" అనలేదు. సముద్రం దాటి వస్తే అది అభిరుచి, వాడలోంచి వస్తే కంపు.

దీనికి 'సంప్రదాయం' అని ఒక సమాధానం ఉంటుంది కదా. సాహిత్యం పాఠం చెప్పేదాన్ని కాబట్టి ఒక మాట. పల్నాటి తిండిని వెక్కిరించాడని చెప్పుకునే శ్రీనాథుడు మిరపకాయని చూడనే లేదు. ఆయన 15వ శతాబ్దపు కవి. మిరప అమెరికా ఖండపు మొక్క, పోర్చుగీసుల ఓడల్లో 16వ శతాబ్దంలో ఈ దేశానికొచ్చింది. అంటే 'గుంటూరు కారం' ఏ కులానికీ ముత్తాతల ఆస్తి కాదు. వచ్చిన గింజని నల్లరేగడిలో నాటినవాళ్ళు, కోసినవాళ్ళు, తొడిమ తీసినవాళ్ళు ఉన్నారు. సంప్రదాయం అంటే ముందు వాళ్ళ పేర్లు చెప్పండి.

అయితే తునకల్ని నేను ముద్దు చేయను. మా అమ్మమ్మ కాలంలో ఆ మాంసం చాలాసార్లు చచ్చిన గొడ్డుది. ఇంకేం దొరకలేదు. అది మానేయమని అంబేడ్కర్ 1927లో మహద్‌లో చెప్పాడు. ఆయనే 1948లో 'ది అన్‌టచబుల్స్'లో అంటరానితనం మూలాన్ని గొడ్డు మాంసం దగ్గర వెతికాడు. రెండూ కలిపి చదవాలి. ఆకలితో తిన్న తిండిని గర్వంగా మార్చుకోవడం అంత తేలిక కాదు. 2012లో ఉస్మానియాలో పెద్దకూర పండగ చేసిన పిల్లలకి నా జోహార్లు. కానీ పండగ రోజు వేదిక మీద తినడం వేరు, బుధవారం సాయంత్రం ఒంటరిగా అద్దె గదిలో సీసా మూత తీయడం వేరు. ఈ రెండో ధైర్యానికి మనం ఏ తోడూ ఇవ్వలేదు.

"మనమే ప్యాకెట్ కట్టి అమ్ముదాం మేడం" అంటారు కొందరు తమ్ముళ్ళు. 2016లో చంద్రభాన్ ప్రసాద్ 'దళిత్ ఫుడ్స్' పేరుతో కారం, పసుపు లాంటివి ఆన్‌లైన్లో పెట్టారు. ఆ పేరు పెట్టడమే పెద్ద సవాలు, ఒప్పుకుంటాను. కానీ ప్యాకెట్ మీద పేరు మన వాళ్ళదై, లోపలి కాయ తొడిమ తీసిన ఆడమనిషి కూలి పాతదే అయితే నాకు ఆ ప్యాకెట్ మీద మోజు లేదు. ఇక్కడి సంగతే చూడండి. 2015లో రాజధానికి భూసమీకరణ జరిగినప్పుడు భూమి ఉన్నవాళ్ళకి ప్లాట్లు, ఏటేటా కౌలు వచ్చాయి. భూమి లేనివాళ్ళకి నెలకి 2,500 పింఛను అన్నారు. చేను పోతే కూలీ ఇంటి దోసెడు తాలు కాయలు కూడా పోతాయని ఏ లెక్కలోనూ లేదు. ఆ చేల మధ్య లేచిన ఇళ్ళలోనే ఇప్పుడు మన పిల్లలకి గది లేదు.

ఆ పిల్ల ఆదివారం మా ఇంటికి వస్తోంది. అమ్మ ధనియాలు ఎండబోసింది. ఈసారి సీసా మీద కాగితం అంటించమని చెప్పాను, ఏముందో అదే రాసి.

తుళ్ళూరు, మందడం, వెలగపూడి చుట్టుపక్కల ఒక ఆడపిల్లకి, ఆ సీసాతో సహా, గది ఇచ్చేవాళ్ళు తెలిస్తే ఇన్‌బాక్స్‌లో చెప్పండి. నెలాఖరుకి పన్నెండు రోజులుంది.