మా పోరడు కట్టిన ప్రీమియం

మొన్న లోక్ అదాలత్‌లో లారీ తరఫు బీమా వకీలు మా చిన్నాయన ముందు రాజీ కాగితం పెట్టాడు. పక్కన నేనున్నాను. ఆస్పత్రి బిల్లు వరుస కొట్టేసి ఉంది. అడిగితే, "ఆ బిల్లు హెల్త్ పాలసీ కట్టింది కదా, ఒక్క బిల్లుకు రెండుసార్లు పైసలా?" అన్నాడు.

మా చిన్నాయన డోంగ్లి నుంచి మద్నూర్‌కు కూలికి పోతుంటే హైవే మీద లారీ గుద్దింది. కాలు నుజ్జయింది. ఆయనకు చదువు రాదు. కానీ అడిగాడు: "ప్రీమియం కట్టింది మా పోరడు. గుద్దింది మీ లారీ. ఆ పైసలు మీకెట్ల మిగులుతయి?"

వకీలు మాట్లాడలేదు. జవాబు కోర్టులు ఎప్పుడో చెప్పాయి. ప్రీమియం కట్టి సంపాదించుకున్న జీవిత బీమా సొమ్మును వాహన ప్రమాద పరిహారంలోంచి కోయొద్దని 1998లో హెలెన్ రెబెల్లో కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మెడిక్లెయిమ్ సొమ్మునూ కోయొద్దని 2025 మార్చిలో బొంబాయి హైకోర్టు ఫుల్ బెంచ్ చెప్పింది. ఆ రెండో తీర్పుకు మన ట్రిబ్యునళ్లు కట్టుబడాలని లేదు. అయినా వాదనకు బలమైన ఆధారం.

'రెండుసార్లు' అనేవాళ్లు ఒక లెక్క మింగేస్తున్నారు. లారీ యజమాని తన బీమాకు ప్రీమియం కట్టాడు. మా తమ్ముడు జీతంలోంచి ఇంటి పాలసీకి కట్టాడు. ప్రీమియాలు రెండు, ఒప్పందాలు రెండు. కూలోడి ఇంటి పొదుపుతో లారీ బీమా కంపెనీ అప్పు ఎందుకు తీరాలి?

ఇందులో కులం ఎక్కడుందని అడిగే మిత్రులకు ఒక మాట. పరిహారంలో పెద్ద భాగం ఆదాయం మీద లెక్కగడతారు. ఉద్యోగికి జీతం చిట్టీ ఉంటుంది. మా చిన్నాయనకు ఏముంది? వెట్టి చేసిన తాతకు హాజరు పట్టీ ఎవడు రాశాడు? కూలికి పోయిన మనవడికి రసీదు ఎవడిచ్చాడు? రుజువు లేని ఆదాయాన్ని కోర్టు అంచనా కడుతుంది, అది తక్కువకే తేలుతుంది. మా చేతిలో పైసా పైసాకు కాగితం ఉన్నది ఒక్క ఆస్పత్రి బిల్లుకే. దాన్నే కొట్టేస్తే మిగిలేదేంది?

విద్యార్థి మిత్రులారా, ఊళ్లో ఎవరికి ప్రమాదం జరిగినా ఆ కాగితం మీరు చదవండి. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు లేదు. వేలిముద్ర పడ్డాక ఏడ్చి లాభం లేదు. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ కింద ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు దొరుకుతాడు. అడిగి తీసుకోండి.

మా చిన్నాయన వేలు పెట్టలేదు. కేసు ట్రిబ్యునల్‌లోనే నడుస్తుంది. వాయిదాకు కర్ర పట్టుకుని ఆయన వస్తాడు, బిల్లుల సంచి పట్టుకుని నేను పోతాను.

జై భీమ్.