గృహిణీ ప్రసంగము: ఆటల కంప్యూటరు



క్రిందటి మాసమున మాగాయ యూటను గూర్చి వ్రాసినది, ఈ మాసమున మదర్‌బోర్డును గూర్చి వ్రాయుచున్నదేమని మీరు నవ్వుకొందురు. నవ్వుడు. కాని మీ యింటను పదునాలుగేండ్ల బాలుడొకడున్నచో ఈ ప్రసంగము నేడో రేపో మీ గడప త్రొక్కక మానదు.

2024 వ సంవత్సరపు వేసవిలో మా పెద్దవాడు సాయంకాలమగుసరికి వీథి చివరనున్న నెట్టు సెంటరునకు బోయి రాత్రి తొమ్మిది దాటినగాని వచ్చెడివాడు కాడు. తండ్రి కోపించిన కొలది వాడు మాటలు తగ్గించెను. తుదకు అన్నము తినునప్పుడు సైతము వానికిని మాకును పలుకులు లేకపోయెను. బడిపంతులుగారి కొడుకు ఎక్కడ నుండునో ఊరెల్ల నెరుగును. మా వారికి అది తలవంపుగా నుండెను. నాకు తలవంపుకంటె ఆ మౌనమే యెక్కువ భయము గొలిపెను. రెండేండ్లు కట్టిన చీటి సొమ్ము ఏబదియైదు వేలు అప్పుడు నా చేతికి వచ్చినది. పాత గాజులు మార్పించుకొనవలెనని కట్టినది.

"ఈ సొమ్ముతో ఇంటనే ఆటల కంప్యూటరు కూర్చుకొందము. కాని యే భాగము ఎందులకు కొనవలెనో నాకు బోధపరచినగాని రూపాయి యీయను" అని వానితో నంటిని. ఆ రాత్రి వాడు నాతో రెండు గంటలు మాటలాడెను.

మా వారు, "చదువు కొరకని చెప్పుడు, నలుగురిలో బాగుండును" అనిరి. నేనొప్పుకొనలేదు. ఆట కొరకు కొను వస్తువును ఆట కొరకనియే చెప్పవలెను. చదువునకని కొన్నచో, వాడు దానిపై నాడిన ప్రతి గడియయు దొంగతనమగును.

మొదట మా యూరిలోనే ఒక దుకాణమున కేగితిమి. రంగురంగుల దీపములు వెలుగు పెట్టె నొకదానిని చూపి, "అమ్మగారూ, ఐ7 ప్రాసెసరు, నాలుగు జీబీల గ్రాఫిక్సు కార్డు, అంతయు ముప్పది వేలే" అని యాతడు చెప్పెను. పిల్లవాని కన్నులు మెరసినవి. నేను పూర్తి సంఖ్యలు కాగితముపై వ్రాయించుకొని యింటికి దెచ్చితిని. ఐ7 అనునది ఇంటిపేరు వంటిది. తరము వేరుగా చూడవలెను. అది 3770, అనగా మూడవ తరము, 2012 నాటిది. 2021లో వచ్చిన విండోసు 11 దానిని తన జాబితాలో చేర్చుకొననే లేదు. కార్డు జీటీ 730, 2014 నాటిది. నాలుగు జీబీలన్నది దాని జ్ఞాపకశక్తియే గాని బలము కాదు. వడ్ల గాదె పెద్దదైనంత మాత్రమున రోకటి వేగము హెచ్చునా? ఆ దుకాణమునకు మరల పోలేదు.

పిమ్మట లెక్క మొదటినుండి ఆరంభించితిమి. అన్నిటికి ముందు చూడవలసినది తెర. మా వారి పాత కంప్యూటరు చెడిపోయినను దాని మానిటరు మిగిలియున్నది. అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలు, మొత్తము 20,73,600. ఆట సాగుచున్నప్పుడు ఇన్ని చుక్కలను సెకనునకు అరువది మారులు రంగులతో నింపుట గ్రాఫిక్సు కార్డు పని. నాలుగు-కే తెరయైనచో సరిగా నాలుగింతలు చుక్కలుండును, కార్డునకు నంత చాకిరి పెరుగును. తెర మార్చనందున గొప్ప కార్డు అక్కరలేకపోయెను. 2021లో వచ్చిన రేడియన్ ఆర్‌ఎక్స్ 6600 చాలునని తేలినది. దాదాపదే వెలకు దొరకిన ఆర్‌టీఎక్స్ 3050 కంటె సాధారణముగా ఆటలలో దీని వేగమే యెక్కువ.

ప్రాసెసరు దగ్గర మాకు వాదము వచ్చినది. వాడు 2022లో వచ్చిన ఏఎం5 తరగతి బోర్డు కావలెననెను. మున్ముందు ప్రాసెసరు మార్చుకొనుటకు వీలుండునట, నిజమే. కాని దానికి డీడీఆర్5 ర్యామే పట్టును. బోర్డు, ర్యాము గలిపి యెనిమిది వేలు ఎక్కువ కాజొచ్చెను. ఆ యెనిమిది వేలు కార్డునుండి తీయవలెను గదా! ఒంగోలు గిత్త ప్రక్కన బక్కయెద్దును గట్టిన బండి యెట్లు నడచును? పాత ఏఎం4 తరగతిలో ఆరు కోర్ల రైజెన్ 5 5600 నకు నేను తీర్పు చెప్పితిని. వాడు రెండు దినములు ముఖము ముడుచుకొనెను. నాలుగేండ్లకు వాడే గెలిచినవాడగునేమో, నేను కాదనను.

సికిందరాబాదున మా తమ్ముడుండుటచే అక్కడి చెనాయ్ ట్రేడ్ సెంటరున కేగితిమి. ప్రాసెసరు 11,000, బోర్డు 8,500, ర్యాము 3,300, కార్డు 20,500, 500 జీబీల ఎస్‌ఎస్‌డీ 3,200, ఎస్‌ఎంపీఎస్ 4,200, క్యాబినెట్టు 3,000, కీబోర్డు మౌసులు 1,200. మొత్తము 54,900. మిగిలిన నూరు రూపాయలు చెరకురసమునకు సరి. విండోసు లైసెన్సును దసరాకు వాయిదా వేసితిమి.

ఇందు రెండు సంగతులు చెప్పవలెను. ర్యాము 16 జీబీల యొక్క ముక్కగా గాక ఎనిమిదేసి జీబీల రెండుగా కొంటిమి. రెండు దారుల నీరు పారినట్లు పని త్వరగా సాగును. 2025 చివర కృత్రిమమేధ యంత్రశాలలు ర్యామును మ్రింగజొచ్చుటచే వెలలు మిక్కిలి హెచ్చినవి గాన, నా 3,300 లను నమ్మి బయలుదేరకుడు. ఇక ఎస్‌ఎంపీఎస్. క్యాబినెట్టుతో నొకటి ఉచితముగా నిత్తుమనిరి, వలదంటిని. ఇంటి కరెంటును అన్ని భాగములకు పంచిపెట్టునది అదియే. అది చెడిన తాను చెడుటయే గాక ఇరువది వేల కార్డునుగూడ వెంట దీసికొనిపోవచ్చును. 80 ప్లస్ బ్రాంజు ముద్రయు, అయిదేండ్ల వారంటీయు గల 550 వాట్లది తీసికొంటిమి. ఆ ముద్ర కరెంటు వృథాను గూర్చియే చెప్పును గాన వారంటీ యేండ్లుకూడ చూచితిని. దీపముల పంకాలు మానిపించి ఆ సొమ్ము నిచ్చటికే మరల్చితిని.

ఇంటికి వచ్చి భోజనముల బల్లపై దుప్పటి పరచి నాలుగు గంటలు కూర్చితిమి. మీట నొక్కగా పంకాలు తిరిగినవి గాని తెరపై బొమ్మ రాలేదు. వాని చేతులు వణకినవి. మా వారు గుమ్మమున నిలిచి చూచుచుండిరి, ఏమియు ననలేదు. నేను పెట్టె వెనుకకు బోయి చూచితిని.

"నాయనా, ఈ ప్రాసెసరునకు బొమ్మ వేయుట రాదని నీవే గదా చెప్పితివి? తెర తీగ బోర్డుకు తగిలించితివేమి?"

తీగ తీసి క్రిందనున్న కార్డునకు తగిలించెను. తెర వెలిగినది. "అమ్మా!" అని వాడొక్క కేక వేసెను.

వాడు కోరిన బండ్ల పందెపు ఆట, ఫోర్జా హొరైజన్ 5, నూరు జీబీలకు మించినది. మా యింటి నెట్టుపై దిగుటకు రెండు దినములు పట్టెను. మూడవనాటి రాత్రి మా వారు పరీక్షకాగితములు ప్రక్కనుంచి, "ఏదీ, ఒకసారి నాకిమ్ము" అని కుర్చీ లాగుకొనిరి. మొదటి మలుపుననే ఆయన బండి చెట్టునకు గొట్టుకొనెను.