ద్వేషనేరముల లెక్కలు చదువుట యెట్లు?

గత సమావేశమునందు ఒక మిత్రులు పత్రికనుండి కొన్ని అంకెలు చదివి, ఫలానా మతమువారిపై ఇన్ని నేరములు, ఫలానా కులమువారిపై ఇన్ని నేరములు అని పోల్చి, తెలుగువారి పేరు ఎచ్చటను లేదు గనుక మనకు చింత లేదని సెలవిచ్చిరి. ఈ వాదమును మేము అంగీకరింపజాలము.

మేము వర్తకులము. ఆవర్జాలో పద్దు లేనంతమాత్రమున బాకీ లేదనలేము. గుమాస్తా వ్రాయకపోయి యుండవచ్చును. మనలో పలువురు బిడ్డలను పంపిన అమెరికాలో ద్వేషనేరముల లెక్క కట్టవలెనని 1990లో చట్టమే చేసిరి. 2017లో ఎఫ్.బి.ఐ.కి చేరిన సంఘటనలు 7,175. లెక్కలు పంపిన 16,149 పోలీసు శాఖలలో ఒక్క సంఘటననైన తెలిపినవి 2,040 మాత్రమే! ప్రజలనే అడిగి తీసిన ప్రభుత్వ సర్వే ప్రకారము 2004 మొదలు 2015 వరకు ఇట్టి నేరములు ఏటికి సగటున సుమారు 2,50,000.

పద్దు ఏ ఖాతాలో పడినదో కూడ చూడవలెను. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రమున కూచిభొట్ల శ్రీనివాస్ గారిని చంపినవాడు ఆయనను ఇరానీయుడని తలచెను. ఎఫ్.బి.ఐ. వారు నేరస్థుని ద్వేషమునుబట్టి ఖాతా పెట్టుదురేగాని హతుని పుట్టుకనుబట్టి కాదు. మన తెలుగు బిడ్డ మరణమును తెలుగువారి పేర వెదకిన దొరకదు.

మన దేశమున నేషనల్ క్రైం రికార్డ్స్ బ్యూరో 2022లో షెడ్యూల్డు కులములవారిపై 57,582 నేరములు నమోదైనవని ప్రకటించెను. వారికి 1989 నాటి ప్రత్యేక చట్టము కలదు, పుస్తకమున వేరు ఖాతా కలదు. బాధితుల మతమునుబట్టి అట్టి ఖాతా లేదు. ఉన్న ఖాతాను లేని ఖాతాతో పోల్చి, ఎవరి కష్టము పెద్దదని తీర్పు చెప్పుట ఏ లెక్కల పద్ధతి?

ఇక అసలు మాట. తమిళనాట అరుంధతీయులలో అనేకులు ఇంట తెలుగే మాట్లాడుదురు. 2009లో ఈ రాష్ట్రము అరుంధతీయులు, ఆదిఆంధ్రులు, మాదిగలు మొదలగు 7 కులములకు షెడ్యూల్డు కులముల వాటాలో 3 శాతము ప్రత్యేకించినది. వారిపై జరిగిన నేరము 57,582లో కలిసిపోవును. భాష ఎవరును వ్రాయరు. ముద్దాయి భాషయు వ్రాయరు. అది మనలో కొందరికి సుఖముగానే యున్నదేమో! తెలుగువారి పేరు లేదన్న మిత్రులు వీరిని తెలుగువారిలో లెక్కించిరా? మన సభ్యత్వ పుస్తకమును తిరుగవేసితిమి. పారిశుధ్య కార్మికుల వీధులనుండి చేరినవారు ఇద్దరే. వచ్చే ఆదివారము ఆ వీధులకు పోయి, పోలీసు ఠాణా వరకు పోని ఫిర్యాదులు ఏమైన కలవేమో అడుగ తలచితిమి. మాతో రాదలచిన సభ్యులు శనివారములోగా కార్యదర్శికి తెలుపవలెను.