పళ్ళు పంచి వస్తే సరిపోతుందా?

అక్టోబర్ 1 వచ్చిందంటే చాలా ఊళ్ళలో వృద్ధాశ్రమాలకు స్కూలు బస్సులు బయలుదేరతాయి. ఆ తేదీని పెద్దల కోసం కేటాయించాలని 1990లో ఐక్యరాజ్యసమితి నిర్ణయించింది. పిల్లలు తలా ఒక పండు చేతిలో పెడతారు. ఒక పాట పాడతారు. ఫోటో దిగుతారు. గంటలో బస్సు వెనక్కి వచ్చేస్తుంది. మంచి మనసుతో చేసే పనే, కాదనను. కానీ ఆ ఫోటోలు చూసినప్పుడల్లా నాకొక సందేహం. ఆ గంటలో ఆ బామ్మగారు పిల్లలకు ఇచ్చిందేమిటి? ఇవ్వడానికి ఆవిడ దగ్గర ఏదైనా ఉందేమోనని ఎవరైనా అడిగారా?

ఇదే పనిని ఇంకో రకంగా చేసినవాళ్ళున్నారు. జపాన్‌లో టోక్యో నగరంలోని కోతోయెన్ అనే సంస్థ 1976లోనే వృద్ధాశ్రమాన్నీ చిన్నపిల్లల బడినీ కలిపి నడపడం మొదలుపెట్టింది. అమెరికాలోని సియాటిల్‌లో 1991 నుంచి ఒక పెద్ద వృద్ధాశ్రమం లోపలే పిల్లల సంరక్షణ కేంద్రం నడిచింది. బొమ్మలు వేయడం, పాటలు, కథలు, భోజనం అన్నీ పిల్లలూ పెద్దలూ కలిసే. లండన్‌లో సూసన్ లాంగ్‌ఫోర్డ్ అనే ఆవిడ 1989లో 'మ్యాజిక్ మీ' అనే సంస్థ పెట్టి, స్కూలు పిల్లల్నీ వయసు మళ్ళినవాళ్ళనీ కళాకారుల సాయంతో ఒక్కచోట కూర్చోబెట్టారు. ఒక్కరోజు ముచ్చట కాదది. వారం వారం కలుసుకుని, ఇద్దరూ కలిసి ఏదో ఒకటి తయారుచేయడం.

కళే ఎందుకంటారా? ఊరికే ఎదురెదురుగా కూర్చోబెట్టి చూడండి. "ఏం చదువుతున్నావమ్మా?" "ఆరో తరగతి." అంతే, మాట అయిపోతుంది! అదే ఇద్దరి చేతుల్లో రంగులో, సూదీదారమో ఉంటే మాట దానంతటదే వస్తుంది. పైగా ఇందులో తప్పొప్పులు లేవు, మార్కులు లేవు. జ్ఞాపకశక్తి తగ్గి పిల్లవాడి పేరు ఐదుసార్లు అడిగే పెద్దావిడ వేళ్ళు కూడా చిన్నప్పుడు నేర్చిన పనిని చాలాసార్లు మరిచిపోవు.

మనకు ఇందుకోసం విదేశీ పాఠాలు అక్కర్లేదు. చుక్క తప్పకుండా మెలికల ముగ్గు వేయడం, పాత చీరలతో బొంత కుట్టడం, విస్తరాకులు కుట్టడం, బొమ్మల కొలువు తీర్చడం... ఇవన్నీ చేసిన చేతులు ఆశ్రమాల్లో ఒళ్ళో ముడుచుకుని ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అరవై దాటినవాళ్ళు సుమారు 10.4 కోట్లు. అందులో ఆడవాళ్ళు 5.3 కోట్లు. జీవితమంతా ఇంటికి అందం తెచ్చిన ఈ ఆడవాళ్ళను 'కళాకారిణి' అని ఎవరూ పిలవలేదు. పదేళ్ళ పిల్ల ఆవిడ పక్కన కూర్చుని "చుక్కలు ఎన్ని పెట్టాలి అమ్మమ్మా?" అని అడిగితే ఆ క్షణంలో ఆవిడ ఆశ్రితురాలు కాదు, గురువు.

చట్టం సంగతీ చూద్దాం. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణకు 2007లో వచ్చిన చట్టంలో జిల్లాకు ఒకటి చొప్పునైనా, కనీసం 150 మందికి చోటుండే ఆశ్రమాల మాట ఉంది. వాటిలో వైద్యంతో పాటు వినోదం కూడా ఉండాలన్న మాటా ఉంది. ఆ వినోదం హాల్లో మోగే టీవీతో సరిపెట్టుకోవాలా? ఇటు 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా, స్థానిక వృత్తులవారి దగ్గర పని నేర్చుకోవాలని చెప్పింది. ఆ పదింటిలో నాలుగు రోజులు, నెలకొకటి చొప్పున, ఒకే ఆశ్రమానికి వెళ్ళలేమా?

అయితే కొన్ని జాగ్రత్తలు కావాలి. పెద్దలకు ఇష్టముందో లేదో ముందు అడగాలి. ఫోటో తీసేముందు మళ్ళీ అడగాలి. "మీ పిల్లలు ఎందుకు చూడరు?" లాంటి ప్రశ్నలు గుచ్చుకుంటాయని పిల్లలకు ముందే చెప్పాలి. పెద్దలకు చెవులు సరిగా వినిపించవనీ, చేతులు వణుకుతాయనీ కూడా చెప్పాలి. నెల తిరిగేసరికి ఆ బామ్మ లేకపోతే దాచకుండా, దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాలి. అంతకంటే ముఖ్యం, పిల్లలు వచ్చి వెళుతున్నారు కదా అని కన్నకొడుకులూ కూతుళ్ళూ తమ బాధ్యత తీరిందనుకోకూడదు. పక్కింటి పిల్ల వేసిన ముగ్గు కన్నబిడ్డ రాకకు సాటి రాదు.

పెద్దల మాట చద్దిమూట అంటాం. మూట విప్పడానికి కాస్త సమయం పడుతుంది మరి. ఈసారి మీ పిల్లల స్కూలు వాళ్ళు వృద్ధాశ్రమానికి తీసుకువెళతామంటే సంతోషంగా పంపండి. పంపేముందు టీచరుగారిని రెండు ప్రశ్నలు అడగండి. మళ్ళీ ఎప్పుడు వెళతారు? అక్కడ పెద్దలతో కలిసి ఏం చేస్తారు?